సైనిక వాయు రవాణా దళం – చరిత్ర, కర్తవ్యం: 44వ స్క్వాడ్రన్ నుంచి గోదావరి బొగ్గుసీమ వరకు

వ్యాస సంగ్రహం:

భారత వైమానిక దళం అనగానే సాధారణంగా యుద్ధవిమానాలే స్ఫురిస్తాయి. సైన్యాన్ని, ఆయుధాలను, ఆహారాన్ని, క్షతగాత్రులను మోసే రవాణా స్క్వాడ్రన్ల చరిత్ర తెలుగులో అంతగా చర్చకు రాలేదు. 1961లో ఏర్పడిన 44వ స్క్వాడ్రన్‌ను కేంద్రంగా తీసుకొని, సైనిక వాయు రవాణా ఎలా రూపొందిందో, దాని కర్తవ్యం ఏమిటో, ఆ కర్తవ్యానికి హద్దులు ఎక్కడ ఏర్పడతాయో ఈ వ్యాసం వివరిస్తుంది. రవాణా విమానం ఎంత పెద్దదైనా దాని ఫలితాన్ని నిర్ణయించేది చివరకు నేలమీద దిగే చోటు, అక్కడ సిద్ధంగా ఉండే మనుషులు అన్నది ఈ వ్యాసం ప్రతిపాదించే అంశం. ఈ దృష్టితో తెలుగు నేలపై ఉన్న విమానక్షేత్రాలను, విపత్తులలో అందిన వాయు సహాయాన్ని, ప్రత్యేకించి శ్రీరాంపూర్, రామగుండం, గోదావరిఖని ప్రాంతాల స్థితిని పరిశీలించడం జరిగింది.

కీలక పదాలు: వాయు రవాణా, స్క్వాడ్రన్, డకోటా, ఏఎన్-12, గజరాజ్, విమానక్షేత్రం, గోదావరి వరదలు, సింగరేణి.

1. ప్రవేశిక:

భూగర్భ గనిలో బొగ్గు తీసే కార్మికుడు అందరికీ కనిపిస్తాడు. తీసిన బొగ్గును టబ్బులలో పైకి లాగే హాలేజి తాడు, మనుషులను లోపలికి దింపే వైండింగ్ ఇంజను అంతగా కనిపించవు. అవి ఆగిన రోజున గని మొత్తం ఆగిపోతుంది. సైన్యంలో రవాణా దళం స్థానం కూడా ఇటువంటిదే. అది శత్రువుతో నేరుగా తలపడడం అరుదు. అయినా తలపడే సైనికుడు అక్కడికి చేరడం, చేరినవాడు ఆకలితో ఉండకపోవడం, గాయపడినవాడు ఆసుపత్రికి చేరడం దాని మీదనే ఆధారపడి ఉంటాయి.

స్క్వాడ్రన్ అనేది వైమానిక దళంలో ప్రాథమిక యుద్ధ విభాగం. ఒకే రకం విమానాలు, వాటిని నడిపే సిబ్బంది, వాటిని నిలబెట్టే సాంకేతిక నిపుణులు ఒకే అధికారి కింద పనిచేస్తారు. ప్రతి స్క్వాడ్రన్‌కు ఒక సంఖ్య, ఒక చిహ్నం, ఒక ఆదర్శవాక్యం ఉంటాయి. వైమానిక దళం మొత్తానికి భగవద్గీత పదకొండవ అధ్యాయం నుంచి ఆదర్శవాక్యాన్ని స్వీకరించారు. 44వ స్క్వాడ్రన్ సంస్కృత వాక్యానికి ‘కోరినది ప్రయత్నంతో సాధ్యమవుతుంది’ అని అర్థం. యుద్ధవిమాన స్క్వాడ్రన్ల వాక్యాలలో వినిపించే పరాక్రమ ఘోష ఇందులో లేదు. రవాణా దళ స్వభావానికి తగినట్లు ఇది శ్రమను చెబుతుంది.

2. పూర్వరంగం – డకోటాల కాలం:

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసే నాటికి భారత వైమానిక దళంలో రవాణాకు ప్రత్యేక స్క్వాడ్రన్ లేదు. యుద్ధానంతరం 12వ స్క్వాడ్రన్‌కు అమెరికాలో తయారైన డకోటా విమానాలు అందాయి. 1947 ఆగస్టులో దేశంతోపాటు వైమానిక దళం కూడా విభజనకు గురైంది. డకోటాలతో ఉన్న రెండు స్క్వాడ్రన్లలో 6వది పాకిస్తానుకు వెళ్లగా, 12వది భారతదేశానికి మిగిలింది. స్వతంత్ర భారతానికి ఆనాడు ఉన్న ఒకే ఒక్క రవాణా స్క్వాడ్రన్ అదే.

మూడు నెలలు గడవకముందే ఆ దళానికి పరీక్ష ఎదురైంది. 1947 అక్టోబరు 27 ఉదయం ఢిల్లీ నుంచి బయలుదేరిన డకోటాలు మొదటి సిక్కు బెటాలియన్ సైనికులను శ్రీనగర్‌లో దించాయి. సైనిక విమానాలు చాలకపోవడంతో పౌర విమాన సంస్థల డకోటాలను కూడా వినియోగించారు. బెటాలియన్ అధిపతి లెఫ్టినెంట్ కర్నల్ దీవాన్ రంజిత్ రాయ్‌కి అందిన ఆదేశం గమనించదగినది. విమానక్షేత్రం శత్రువు చేతిలో పడి ఉన్నట్లయితే అక్కడ దిగకుండా జమ్మూకు మళ్లాలన్నది ఆ ఆదేశం. అంటే ఒక రాష్ట్రం భవితవ్యం ఆ ఉదయం ఒక పచ్చిక మైదానం ఎవరి ఆధీనంలో ఉన్నదన్న ప్రశ్నపై నిలిచింది.

ఆ తరువాతి నెలల్లో ఈ సత్యం మరింత స్పష్టపడింది. ముట్టడిలో ఉన్న పూంచ్ పట్టణంలో సైనికులు, శరణార్థులు కలిసి రన్‌వే సిద్ధం చేసిన తరువాతనే డకోటాలు అక్కడ దిగగలిగాయి. లద్దాఖ్‌లో ఇంజనీరు సోనమ్ నోర్బు ఆధ్వర్యంలో స్థానికులు లేహ్ వద్ద తాత్కాలిక రన్‌వేను నిర్మించారు. 1948 మే 24న ఎయిర్ కమడోర్ మెహర్ సింగ్, మేజర్ జనరల్ తిమ్మయ్యను వెంట పెట్టుకొని డకోటాను అక్కడ దించారు. పది వేల అడుగులకు మించిన ఎత్తులో, ఆక్సిజన్ సౌకర్యం లేని విమానంతో, తగిన పటాలు లేకుండా జరిగిన ఆ ప్రయాణంలో వైమానికుల సాహసం ప్రసిద్ధం. ఆ సాహసానికి నేల సిద్ధం చేసిన పలుగు పారలను కూడా చరిత్ర లెక్కలోకి తీసుకోవలసి ఉంది.

3. 44వ స్క్వాడ్రన్ – మూడు ఘట్టాలు:

డకోటా మోయగలిగిన బరువు సుమారు మూడు టన్నులు. సరిహద్దు కొండలలో రహదారులు లేని కాలంలో అది చాలలేదు. 1950లలో ప్యాకెట్ విమానాలు వచ్చాయి. తరువాత సోవియట్ యూనియన్ నుంచి నాలుగు ఇంజన్ల ఏఎన్-12 విమానాలు కొనుగోలు చేశారు. వాటి కోసం 1961లో 44వ స్క్వాడ్రన్ ఏర్పడింది. సుమారు 20 టన్నుల సామర్థ్యం, వెనుక భాగాన తెరుచుకునే విశాలమైన ద్వారం ఈ విమానం ప్రత్యేకతలు. జీపును, ఫిరంగిని విప్పకుండా నేరుగా ఎక్కించే వీలు కలిగింది.

3.1 చుషూల్ (1962):

చైనాతో యుద్ధం మొదలైన కొద్ది రోజులకే లద్దాఖ్‌లోని చుషూల్ రక్షణకు ట్యాంకులు అవసరమయ్యాయి. రోడ్డు మార్గాన వాటిని సకాలంలో చేర్చే అవకాశం లేదు. 1962 అక్టోబరు 25న 44వ స్క్వాడ్రన్ ఏఎన్-12లు చండీగఢ్ నుంచి 20వ లాన్సర్స్ దళానికి చెందిన ఆరు ఏఎంఎక్స్-13 తేలికపాటి ట్యాంకులను 14 వేల అడుగులకు పైన ఉన్న చుషూల్ రన్‌వేపై దించాయి. ఒక్కో ట్యాంకు బరువు సుమారు 15 టన్నులు. మైదాన ప్రాంతంలో ఆ బరువు ఈ విమానానికి పెద్ద సమస్య కాదు. పలుచని గాలిలో రెక్కలకు ఎత్తుబలం, ఇంజన్లకు శక్తి రెండూ తగ్గుతాయి. కాబట్టి ట్యాంకు బరువును నిలబెట్టుకోవడానికి విమానం ఇంధనాన్ని కుదించుకోవలసి వస్తుంది. ఇంధనం తగ్గితే దారిలో తిరిగి ఆలోచించుకునే వ్యవధి కూడా తగ్గుతుంది. యుద్ధ ఫలితాన్ని ఆ ఆరు ట్యాంకులు మార్చలేదు. అయినా అంత ఎత్తుకు కవచ వాహనాలు గాలిలో చేరగలవని నిరూపించిన ఘటనగా అది నిలిచింది.

3.2 పశ్చిమ రంగం (1971):

బంగ్లాదేశ్ విమోచన యుద్ధంలో రవాణా దళానికి రెండు భిన్న పాత్రలు లభించాయి. తూర్పున 1971 డిసెంబరు 11న టాంగైల్ వద్ద పారాచూట్ బెటాలియన్‌ను జారవిడవడం రవాణా దళానికి సహజమైన కర్తవ్యం. పశ్చిమాన 44వ స్క్వాడ్రన్ చేసినది అసాధారణమైనది. యుద్ధం మొదలైన డిసెంబరు 3 రాత్రే ఆ దళం తన ఏఎన్-12లను బాంబర్లుగా మార్చి ఛంగా మంగా అడవిలోని ఆయుధ నిల్వలపై దాడి చేసింది. సామాను దించే వెనుక ద్వారం గుండానే బాంబులను దొర్లించి జారవిడిచారు. వేగం తక్కువ, దేహం పెద్దది అయిన ఈ విమానం శత్రు విమానాలకు సులభమైన గురి. అందువల్ల రాత్రివేళ, తక్కువ ఎత్తులో ప్రయాణం సాగించారు. దళాధిపతి వింగ్ కమాండర్ విద్యాభూషణ్ వశిష్ఠ్‌కు మహావీరచక్ర లభించింది. రవాణా విభాగంలో ఉన్న సిబ్బందిని రెండవ శ్రేణి వైమానికులుగా భావించే ధోరణికి ఈ ఘట్టం సమాధానం చెప్పింది.

3.3 మాల్దీవులు (1988):

1985లో 44వ స్క్వాడ్రన్‌కు ఏఎన్-12ల స్థానంలో జెట్ ఇంజన్లు గల ఐఎల్-76లు వచ్చాయి. సుమారు 45 టన్నులు మోయగల ఈ విమానానికి వైమానిక దళం ‘గజరాజ్’ అని పేరు పెట్టింది. 1988 నవంబరు 3న మాల్దీవుల రాజధాని మాలేలో కిరాయి సాయుధులు ప్రభుత్వాన్ని కూలదోయడానికి ప్రయత్నించారు. అధ్యక్షుడు గయూమ్ భారతదేశ సహాయం కోరారు. అదే సాయంత్రం ఆగ్రా నుంచి 50వ పారాచూట్ బ్రిగేడ్ సైనికులతో గజరాజ్ విమానాలు బయలుదేరాయి. గ్రూప్ కెప్టెన్ అనంత్ బేవూర్ దళాధిపతిగా ముందు విమానంలో ఉన్నారు. బ్రిగేడియర్ ఫరూఖ్ బుల్సారా సైన్యానికి నాయకత్వం వహించారు.

రెండు వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, చుట్టూ సముద్రం ఉన్న హుల్హులే దీవిలోని ఒకే ఒక్క రన్‌వేపై రాత్రివేళ దిగవలసి వచ్చింది. రన్‌వే దీపాలను కొన్ని క్షణాలపాటు మాత్రమే వెలిగించి ఆర్పివేశారు. దుండగులు నగరంలోని ప్రధాన కేంద్రాలపై దృష్టి పెట్టి విమానాశ్రయాన్ని తమ అధీనంలోకి తీసుకోలేదు. వారు చేసిన ఆ ఒక్క పొరపాటు గజరాజ్ దిగడానికి దారి ఇచ్చింది. శ్రీనగర్‌లో నలభై ఒక్క సంవత్సరాల క్రితం ఎదురైన ప్రశ్నే ఇక్కడ మళ్లీ ఎదురైంది. సమాధానం కూడా అదే అయింది.

4. కర్తవ్య స్వరూపం:

ఈ చరిత్ర నుంచి సైనిక వాయు రవాణా కర్తవ్యాలను నాలుగుగా విభజించవచ్చు.

మొదటిది, సైన్యాన్ని రన్‌వేపై దించడం. శ్రీనగర్, చుషూల్, హుల్హులే ఇందుకు ఉదాహరణలు. రెండవది, దిగే చోటు లేనప్పుడు పారాచూట్ల ద్వారా మనుషులను, సామగ్రిని జారవిడవడం. మూడవది, రహదారి లేని సరిహద్దు స్థావరాలకు క్రమం తప్పకుండా సరుకులు చేర్చడం. వార్తలలో కనిపించని ఈ పని రవాణా దళ దైనందిన జీవితంలో అత్యధిక భాగం. 1984 నుంచి సియాచిన్ హిమానీనదంపై సైన్యం నిలబడడానికి ఈ వాయు సరఫరాయే ఆధారం. నాల్గవది, క్షతగాత్రులను, విపత్తులలో చిక్కుకున్న పౌరులను తరలించడం.

ఈ నాలుగింటికీ మూలం బరువుల లెక్క. మోయవలసిన సరుకు, నింపుకోవలసిన ఇంధనం, దిగే చోటి ఎత్తు, ఆ రోజు ఉష్ణోగ్రత, రన్‌వే పొడవు ఒకదానిని ఒకటి నియంత్రిస్తాయి. వేడి పెరిగితే గాలి పలుచబడుతుంది. కాబట్టి లేహ్ వంటి చోట్ల ఉదయపు చల్లని వేళలోనే విమానాలు దిగి తిరిగి వెళ్తాయి. విమానం లోపల సరుకును ఎక్కడ పెట్టాలన్నది లోడ్‌మాస్టర్ నిర్ణయిస్తాడు. గురుత్వకేంద్రం హద్దు దాటితే విమానం అదుపు తప్పుతుంది. గొలుసులతో బిగించని ఒక పెట్టె గాలిలో కదిలినా అది ప్రాణాంతకమే. పైలట్ పేరు లోకానికి తెలుస్తుంది గాని, లోడ్‌మాస్టర్ పేరు దళం లోపలే ఉండిపోతుంది.

ప్రస్తుతం ఈ కర్తవ్యాలు వివిధ సామర్థ్యాలు గల విమానాల మధ్య పంచుకోబడ్డాయి. సుమారు 6.7 టన్నులు మోసే ఏఎన్-32, సుమారు 20 టన్నుల సి-130జె, 45 టన్నుల ఐఎల్-76, 70 టన్నులకు పైబడిన సి-17 సేవలో ఉన్నాయి. 2013 ఆగస్టు 20న సి-130జె 16 వేల అడుగులకు పైన ఉన్న దౌలత్ బేగ్ ఓల్డీలో దిగింది. విమానం పెద్దదయ్యేకొద్దీ పని కూడా పెద్దదవుతుందని అనుకోవడం సరికాదు. సి-17 దిగలేని చోటికి సి-130జె, అదీ దిగలేని చోటికి హెలికాప్టర్ వెళ్లవలసిందే.

తెలుగు పత్రికా భాషలో ఈ కార్యాలన్నింటికీ ‘ఎయిర్‌లిఫ్ట్’, ‘వాయుమార్గంలో తరలింపు’ అనే మాటలే కనిపిస్తాయి. దించడం, జారవిడవడం, సరఫరా చేయడం, తరలించడం అనే నాలుగు తెలుగు క్రియలు అందుబాటులో ఉండగా ఒకే మాటలో అన్నింటినీ కలిపివేయడం వల్ల పాఠకుడికి విషయ భేదం అందడం లేదు. ఉర్దూ ‘రవానా’ నుంచి వచ్చిన ‘రవాణా’ తెలుగులో పూర్తిగా ఇమిడిపోయిన విధంగానే, ఈ రంగంలోని ఇతర పదాలు కూడా వాడుకలో స్థిరపడవలసి ఉంది.

5. తెలుగు నేలపై వాయు రవాణా:

5.1 హైదరాబాదు రాజ్యం:

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో నిజాం ఇచ్చిన విరాళంతో బ్రిటిష్ వైమానిక దళం 110వ స్క్వాడ్రన్‌కు విమానాలు సమకూరాయి. ఆ స్క్వాడ్రన్ పేరులో ‘హైదరాబాదు’ చేరింది. రాజ్యంలో బేగంపేట, వరంగల్ సమీపంలోని మామునూరు, ఆదిలాబాద్, బీదరు వంటి చోట్ల విమానక్షేత్రాలు వెలిశాయి. 1940లలో డకోటాలతో నడిచిన డెక్కన్ ఎయిర్‌వేస్ 1953లో జాతీయీకరణ ఫలితంగా ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమైంది.

ఇదే కాలంలో వాయు రవాణాకు సంబంధించిన మరొక చీకటి అధ్యాయం కూడా ఇక్కడ నడిచింది. 1948లో భారత ప్రభుత్వ దిగ్బంధాన్ని తప్పించుకొని ఆస్ట్రేలియా వైమానికుడు సిడ్నీ కాటన్ కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాలలో రాత్రివేళ హైదరాబాదు రాజ్యానికి ఆయుధాలు చేరవేశాడు. బీదరు, వరంగల్ విమానక్షేత్రాలు అందుకు ఉపయోగపడ్డాయి. సెప్టెంబరు 13న మొదలైన సైనిక చర్యలో ఆ క్షేత్రాలు దాడి లక్ష్యాలయ్యాయి. ఒకే రన్‌వే ఒకరికి ఊపిరి, మరొకరికి ముప్పు అవుతుందన్న విషయం తెలంగాణ చరిత్రలోనే ఈ విధంగా నమోదైంది.

5.2 శిక్షణ, నిర్మాణం:

1967లో శంకుస్థాపన జరిగిన దుండిగల్ వైమానిక దళ అకాడమీ నుంచి వచ్చే అభ్యర్థులు యుద్ధవిమాన, రవాణా, హెలికాప్టర్ విభాగాలకు విడిపోతారు. రవాణా పైలట్ల తదుపరి శిక్షణ బెంగళూరు సమీపంలోని యలహంకలో జరుగుతుంది. హెలికాప్టర్ శిక్షణకు హకీంపేట ప్రధాన కేంద్రం. సికింద్రాబాదులో పుట్టి చదువుకున్న ఫాలీ హోమీ మేజర్ 2007లో వైమానిక దళాధిపతి అయ్యారు. హెలికాప్టర్ విభాగం నుంచి ఆ పదవికి చేరిన మొదటి అధికారి ఆయనే.

నిర్మాణ రంగంలోనూ హైదరాబాదుకు స్థానం ఉంది. సి-130జె విమానాల తోక భాగాలు ఆదిభట్లలో టాటా, లాక్‌హీడ్ మార్టిన్ సంస్థల ఉమ్మడి కర్మాగారంలో తయారవుతున్నాయి. 2021 సెప్టెంబరులో 56 సి-295 రవాణా విమానాల కోసం ఒప్పందం కుదిరింది. వాటిలో 40 వడోదరలో రూపొందుతాయి. వాటి ప్రధాన భాగాల కూర్పు హైదరాబాదులో జరుగుతోంది.

5.3 ఆక్సిజన్ ట్యాంకర్లు (2021):

కోవిడ్ రెండవ దశలో తెలంగాణ ఆసుపత్రులకు ద్రవ ఆక్సిజన్ ఒడిశా నుంచి రావలసి వచ్చింది. 2021 ఏప్రిల్ 23న బేగంపేట నుంచి ఖాళీ ట్యాంకర్లను సి-17 విమానంలో భువనేశ్వర్‌కు పంపారు. అవి నింపుకొని రోడ్డు మార్గాన తిరిగి వచ్చాయి. నిండు ట్యాంకర్లను విమానంలో తేకపోవడానికి కారణం ఉంది. ద్రవ ఆక్సిజన్ నిరంతరం ఆవిరవుతూ ఉంటుంది, మంటను తీవ్రం చేస్తుంది. కాబట్టి ఎత్తుతో పీడనం మారే విమానంలో దానిని మోయడం ప్రమాదకరం. వెళ్లే దూరాన్ని గాలిలో దాటడం వల్ల రోగికి ఆక్సిజన్ అందే సమయం రోజుల మేర ముందుకు జరిగింది. రవాణా దళం ఇక్కడ చేసినది సరుకు మోయడం కాదు, కాలాన్ని ఆదా చేయడం.

5.4 తిరిగి రాని విమానం (2016):

ఈ సేవకు చెల్లించిన మూల్యం కూడా తెలుగు ఇళ్లలో ఉంది. 2016 జూలై 22న చెన్నై సమీపంలోని తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు బయలుదేరిన ఏఎన్-32 బంగాళాఖాతంపై అదృశ్యమైంది. అందులో ఉన్న 29 మందిలో ఎనిమిది మంది విశాఖపట్టణంలోని నావికాదళ ఆయుధాగారానికి చెందిన పౌర ఉద్యోగులు. పెద్దఎత్తున గాలించినా ఆనాడు ఆచూకీ దొరకలేదు. 2024 జనవరిలో చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున సముద్రగర్భ పరిశోధక యంత్రం తీసిన చిత్రాలలో శకలాలు కనిపించాయి. ఏడున్నర సంవత్సరాలపాటు ఆ కుటుంబాలకు దుఃఖించడానికి కూడా ఒక నిర్ధారణ లేకపోయింది. రవాణా విమానంలో ప్రయాణించేవారు అందరూ సైనికులు కారన్న విషయాన్ని ఈ ఘటన గుర్తుచేస్తుంది.

6. గోదావరి బొగ్గుసీమ స్థితి:

మంచిర్యాల జిల్లాలోని శ్రీరాంపూర్, నదికి ఆవలి ఒడ్డున ఉన్న గోదావరిఖని, రామగుండం సింగరేణి సంస్థకు కీలక ప్రాంతాలు. భూగర్భ గనులు, ఓపెన్‌కాస్టులు, విద్యుత్ కేంద్రాలు, కార్మిక కాలనీలు నది పొడవునా దట్టంగా అమరి ఉన్నాయి. ఈ ప్రాంతానికి రెండు రకాల ఆపదలు పొంచి ఉన్నాయి. ఒకటి నది నుంచి, మరొకటి నేల లోపలి నుంచి.

నది నుంచి వచ్చే ఆపద 2022 జూలైలో స్పష్టమైంది. కడెం ప్రాజెక్టుకు దాని విడుదల సామర్థ్యాన్ని మించిన వరద చేరింది. మంచిర్యాల పట్టణంలోని లోతట్టు ప్రాంతాలు మునిగాయి. భద్రాచలం వద్ద గోదావరి జూలై 16న 71.3 అడుగులకు చేరింది. 1986 నాటి 75.6 అడుగుల తరువాత నమోదైన అత్యధిక మట్టం అది. జూలై 14న చెన్నూరు మండలం సోమన్‌పల్లి వద్ద నీటి ట్యాంకు ఎక్కి ప్రాణాలు కాపాడుకున్న ఇద్దరిని వైమానిక దళ హెలికాప్టర్ తరలించింది. మరుసటి సంవత్సరం జూలైలో భూపాలపల్లి జిల్లా నైన్‌పాక వద్ద వరద మధ్య జేసీబీపై చిక్కుకున్న ఆరుగురిని కూడా హెలికాప్టరే రక్షించింది.

ఈ రెండు సందర్భాలలోనూ రన్‌వే అవసరం కలగలేదు. ఇద్దరిని, ఆరుగురిని రక్షించడానికి హెలికాప్టర్ చాలు. వేలమందికి పడవలు, మందులు, ఆహారం, సహాయక సిబ్బంది ఒకేసారి చేరవలసి వస్తే పరిస్థితి వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో విజయవాడ మునిగినప్పుడు రవాణా విమానాలు విపత్తు స్పందన దళ సిబ్బందిని, సామగ్రిని తీసుకురాగలిగాయి. అందుకు గన్నవరం రన్‌వే దగ్గరలో ఉండడం కారణం. ఈ అవసరాన్ని గుర్తించే జాతీయ రహదారిపై కొరిశపాడు వద్ద 4.1 కిలోమీటర్ల అత్యవసర రన్‌వే నిర్మించారు. 2024 మార్చి 18న ఏఎన్-32, డోర్నియర్ విమానాలు అక్కడ దిగి చూశాయి. తుపానుల తీరానికి లభించిన ఈ సౌకర్యం గోదావరి ఎగువ తీరానికి లేదు.

శ్రీరాంపూర్‌కు సుమారు 20 కిలోమీటర్ల గగనదూరంలో బసంత్‌నగర్ వద్ద సిమెంటు కర్మాగారం కోసం నిర్మించిన పాత రన్‌వే ఉంది. అది చాలాకాలంగా వినియోగంలో లేదు. మామునూరు వంద కిలోమీటర్లకు పైగా, ఆదిలాబాద్ సుమారు 130 కిలోమీటర్లు, హకీంపేట సుమారు 180 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో మామునూరు అభివృద్ధికి కేంద్ర పౌరవిమానయాన శాఖ అనుమతి లభించింది. వైమానిక దళ అధీనంలోని ఆదిలాబాద్ క్షేత్రంలో పౌర విమానాలకు అదే సంవత్సరం ఏప్రిల్‌లో అంగీకారం వచ్చింది. ఈ చర్చలో ప్రయాణికుల సంఖ్య, వాణిజ్య లాభం ప్రధానంగా వినిపిస్తున్నాయి. విపత్తు వేళ రవాణా విమానం దిగే చోటుగా వాటి విలువను కూడా లెక్కించడం అవసరం.

నేల లోపలి ఆపద విషయంలో 2023 నవంబరు నాటి సిల్క్యారా ఘటన ఈ ప్రాంతానికి పాఠం వంటిది. ఉత్తరాఖండ్‌లో సొరంగం కూలి 41 మంది కార్మికులు చిక్కుకున్నారు. నవంబరు 15న సి-130జె విమానాలు ఆగర్ యంత్ర భాగాలను ఢిల్లీ నుంచి చిన్యాలీసౌడ్‌లోని చిన్న రన్‌వేపై దించాయి. అక్కడి నుంచి వాటిని రోడ్డు మార్గాన చేర్చారు. ఆ యంత్రం శిథిలాలలో చాలా దూరం తొలిచి చివరి మీటర్లలో విరిగిపోయింది. మిగిలిన భాగాన్ని చేతి పనిముట్లతో తవ్వే కార్మికులు పూర్తి చేశారు. నవంబరు 28న 41 మందీ ప్రాణాలతో బయటికి వచ్చారు. విమానం యంత్రాన్ని చేర్చింది, యంత్రం దారి వేసింది, ఆఖరి అడుగు మనిషి చేయి వేసింది. ఏ ఒక్కటి లేకపోయినా మిగిలిన రెండింటి శ్రమ వ్యర్థమయ్యేది.

ఆ ‘ఆఖరి చేయి’ బొగ్గుసీమలో సిద్ధంగా ఉంది. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట వద్ద శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకున్నప్పుడు, సైన్యం, విపత్తు స్పందన దళంతోపాటు సింగరేణి రెస్క్యూ బృందాలు కూడా లోపలికి వెళ్లాయి. విషవాయువుల మధ్య శ్వాస పరికరాలతో పనిచేయడం, కూలే పైకప్పును ఆపుతూ ముందుకు సాగడం వారి నిత్య శిక్షణలో భాగం. ఆ ఎనిమిది మందిని ప్రాణాలతో కాపాడడం సాధ్యం కాలేదు. అయినా గనుల రక్షణ నైపుణ్యం గనులకే పరిమితం కాదన్న విషయం స్థిరపడింది. దేశంలో ఎక్కడ సొరంగం కూలినా ఆ నైపుణ్యం అవసరమవుతుంది. దానిని గంటలలో అక్కడికి చేర్చాలంటే సమీపంలో ఒక రన్‌వే, ముందుగా కుదిరిన సమన్వయ పద్ధతి ఉండాలి. అంటే ఈ ప్రాంతానికి రన్‌వే సహాయం అందుకోవడానికి మాత్రమే కాదు, సహాయం పంపడానికి కూడా కావాలి.

7. ముగింపు:

డకోటా నుంచి గజరాజ్ వరకు విమానం మోసే బరువు సుమారు పదిహేను రెట్లు పెరిగింది. దూరం, వేగం, రాత్రివేళ దిగే నేర్పు పెరిగాయి. మారనిది ఒక్కటే. శ్రీనగర్ మైదానం, లేహ్‌లో స్థానికులు చదును చేసిన నేల, చుషూల్, హుల్హులే, చిన్యాలీసౌడ్ రన్‌వేలు చెబుతున్నది అదే. వాయు రవాణా గాలిలో మొదలైనా నేలమీదనే నెరవేరుతుంది.

44వ స్క్వాడ్రన్ చరిత్రను కేవలం వీరగాథగా చదివితే ఈ అంశం జారిపోతుంది. దానిని కర్తవ్య చరిత్రగా చదివినప్పుడు పైలట్‌తోపాటు లోడ్‌మాస్టర్, రన్‌వే చదును చేసిన కూలీ, శిథిలాలు తవ్విన కార్మికుడు కూడా అందులో భాగస్వాములవుతారు. తెలుగులో సైనిక చరిత్ర రచన ఈ విస్తృత దృష్టిని అలవరచుకోవలసి ఉంది. డెక్కన్ ఎయిర్‌వేస్, మామునూరు, ఆదిలాబాద్ విమానక్షేత్రాల స్థానిక చరిత్రలు, 1986, 2022 గోదావరి వరదలలో వాయు సహాయం పొందిన గ్రామాల మౌఖిక కథనాలు పరిశోధకులకు ఇంకా మిగిలి ఉన్న క్షేత్రాలు. ఆ కథనాలు చెప్పగల తరం వృద్ధాప్యంలో ఉన్నందున ఈ సేకరణను ఆలస్యం చేయడానికి వీలులేదు.

బొగ్గుసీమ విషయానికి వస్తే, తరువాతి వరద ఏ సంవత్సరం వస్తుందో, ఏ సొరంగం ఎప్పుడు కూలుతుందో చెప్పలేరు. ఏ విమానం ఎక్కడ దిగాలో, దిగిన సామగ్రిని ఎవరు అందుకోవాలో, సింగరేణి రెస్క్యూ బృందం ఎక్కడ నుంచి ఎక్కాలో మాత్రం ముందే నిర్ణయించవచ్చు. జిల్లా యంత్రాంగం, సింగరేణి సంస్థ, వైమానిక దళం కలిసి పొడి కాలంలో చేసుకునే ఆ ఏర్పాటే, వాన కాలంలో వచ్చే విమానానికి అర్థాన్ని ఇస్తుంది.